రక్తం కరిగినా... జబ్బు కరగదు!

పలమనేరు టమోటా మండీకి తెల్లవారకముందే బయల్దేరిన ఓ రైతు. వయసు యాభై దాటింది. పదేళ్లుగా షుగరు. దారిలో ఉన్నట్టుండి ఎడమ కంటి ముందు నల్లటి పోగులు తేలాయనుకుందాం. సాలెగూడేమోనని చేత్తో తోశాడు. పోలేదు. మధ్యాహ్నానికి ఆ కన్ను పొగ కమ్మినట్లయింది. నొప్పి లేదు, ఎరుపు లేదు. 'శుక్లమేమో, కోతలయ్యాక చూపించుకుందాంలే' అనుకున్నాడు. ప్రమాదమంతా ఆ 'లే'లోనే ఉంది!

కనుగుడ్డు లోపల తేటగా, జెల్లీలా ఉండే పదార్థం పేరు విట్రియస్. ఏళ్ల తరబడి షుగరు అదుపు తప్పితే దాని వెనకనుండే రెటీనాలో సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి. రక్తం అందని రెటీనా మీద కొత్త నాళాలు మొలుస్తాయి. అవి చాలా బలహీనం. చిట్లితే రక్తం జెల్లీలోకి చేరి వెలుగును అడ్డుకుంటుంది.

ఇలా జరిగితే వెంటనే రెటీనా నిపుణుల్ని కలవాలి. 2019లో ప్రారంభమైన తిరుపతి అరవింద్ కంటి ఆసుపత్రి, వేలూరు సీఎంసీ ఈ ప్రాంతానికి అందుబాటులో ఉన్నవే. రక్తం అడ్డొచ్చి లోపల కనిపించకపోతే బీ-స్కాన్ అనే అల్ట్రాసౌండ్ పరీక్షతో రెటీనా ఊడిందేమో చూస్తారు. ఊడితే ఆలస్యం పనికిరాదు. లేదంటే వైద్యుల సలహాతో కొన్ని వారాలు వేచి చూడొచ్చు. తలవైపు ఎత్తు పెట్టుకుని పడుకుంటే రక్తం కిందికి దిగుతుంది. బరువులెత్తకూడదు. గుండెజబ్బుకు వాడే, రక్తాన్ని పలచబరిచే మాత్రల్ని సొంతంగా ఆపకూడదు.

కొందరికి రక్తం తనంతట తానే కరిగి చూపు తిరిగొస్తుంది. చాలామంది ఆసుపత్రి మానేసేదీ అప్పుడే! కానీ చిట్లిన నాళాలు అక్కడే ఉంటాయి, మళ్లీ చిట్లుతాయి. అందుకే లోపల కనిపించగానే లేజర్ చికిత్స చేస్తారు. అవసరమైతే కంట్లోకి ఇంజెక్షన్ ఇస్తారు. రక్తం కరగకపోతే విట్రెక్టమీ ఆపరేషన్‌తో తొలగిస్తారు. ఈ పద్ధతికి 1970లో అమెరికాలో రాబర్ట్ మాకెమర్ బాట వేశారు. ఇంజెక్షన్లనూ ఆపరేషన్‌నూ పోలుస్తూ 205 మందిపై జరిగిన అధ్యయనం 2020లో వెలువడింది. ఆరు నెలల సగటు చూపులో పెద్ద తేడా లేదు. ఆపరేషన్ అయినవారికి చూపు త్వరగా తేటపడింది. ఎవరికి ఏది తగినదో వైద్యులే తేలుస్తారు.

రెండో కంటి సంగతీ మరవొద్దు. షుగరు రెండు కళ్లకూ ఒకటే. షుగరు, బీపీ అదుపులో ఉంచుకుంటూ, చూపు బాగున్నా సరే... ఏడాదికోసారి చుక్కలు వేయించుకుని రెటీనా పరీక్ష చేయించుకోవాలి. నాళాలు చిట్లకముందే కనిపెడితే ఆ పొగ కమ్మే రోజు రాకుండా చూసుకోవచ్చు.