సలహా అడగడం హక్కు కావాలి

చట్టం వెలువడ్డాక వినతిపత్రం ఇవ్వడంకన్నా ముసాయిదా దశలోనే మాట చెప్పగలగడం మేలని హక్కుల కోసం పనిచేసే మనందరికీ తెలుసు. ఐరోపా సమాఖ్యలో ఇందుకు ఒక సంస్థే ఉంది.

1957 నాటి రోమ్ ఒప్పందం ద్వారా ఏర్పడిన ఐరోపా ఆర్థిక, సామాజిక కమిటీ బ్రస్సెల్స్‌లో పనిచేస్తుంది. యాజమాన్యాలు, కార్మికులు, పౌర సంఘాల తరఫున అందులో 329 మంది సభ్యులుంటారు. ఒప్పందం నిర్దేశించిన అంశాలలో పాలకులు దాని అభిప్రాయాన్ని కోరి తీరాలి. పాటించి తీరాలన్న నిబంధన మాత్రం లేదు.

ఈ లోటు అక్కడి ముస్లిం కుటుంబాలనూ తాకింది. ఉద్యోగాలలో మతవివక్షను నిషేధించే ఆదేశం 2000లోనే వచ్చింది. దానిని విద్య, వైద్యం, గృహవసతులకూ విస్తరించాలని 2008లో ఐరోపా కమిషన్ ప్రతిపాదించగా, 2009లో ఈ కమిటీ సమర్థించింది. అయినా సభ్యదేశాలన్నీ ఏకగ్రీవంగా అంగీకరించవలసి ఉండటంతో పదిహేనేళ్లు దాటినా అది చట్టం కాలేదు.

అంతమాత్రాన సలహా వృథా అని మేము అనుకోము. అధికారిక పత్రంలో అచ్చయిన అభిప్రాయాన్ని ఎవరూ విననట్లు నటించలేరు.

మన దేశంలోనూ ముసాయిదా చట్టాలను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలని 2014లో కేంద్రం ఒక విధానం ప్రకటించింది. అది చట్టం కాదు కనుక సులువుగా పక్కన పెట్టవచ్చు. దానికి చట్టబద్ధత కోరుదాం. అంతవరకు మన జమాత్‌లు, సంఘాలు ప్రతి ముసాయిదాపై గడువులోగా రాతపూర్వకంగా అభిప్రాయం పంపాలి. రసీదు తీసుకొని, నకలు భద్రపరచాలి.