గోడ మీది బొమ్మ ఎవరి సొత్తు?

కళ ఎక్కడ పుట్టినా చివరకు చేరవలసింది ప్రజల హృదయాలలోకే. పూర్వం గుహల గోడలు, ఆలయ ప్రాకారాలు చిత్రకారునికి ఆధారమైతే, ఆధునిక నగరంలో వీధి గోడ ఆ స్థానాన్ని పొందింది. ప్రవేశ రుసుము లేని ఈ చిత్రశాలలో కూలీకీ, కోటీశ్వరునికీ సమానంగానే చోటు లభిస్తుంది. అటువంటి కళ ఇటీవల డిజిటల్ సేకరణ వస్తువుగా మారి అంగడికెక్కింది. ఈ మార్పు ఎవరికి మేలు చేసిందన్నది ఆలోచించదగిన విషయం.

ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరం నుండి వచ్చిన బ్యాంక్సీ ఈ కళాకారులలో సుప్రసిద్ధుడు. ముఖాన్ని లోకానికి చూపక, మారుపేరుతోనే ఇతడు యుద్ధాన్నీ, ధనవ్యామోహాన్నీ, అధికార దర్పాన్నీ స్టెన్సిల్ బొమ్మలతో పరిహసించాడు. 2018 అక్టోబరులో లండన్‌లోని సోత్‌బీస్ వేలంశాలలో ఇతని 'గర్ల్ విత్ బెలూన్' చిత్రం సుమారు 10 లక్షల 40 వేల పౌండ్లకు అమ్ముడుపోయిన మరుక్షణమే, చట్రంలో దాగిన యంత్రం దానిని సగం వరకు పీలికలు చేసింది. కళను సరుకుగా చూసేవారికి అది చెంపపెట్టు. కాని విపణి అంతకంటె గడుసుది. ఆ చిరిగిన చిత్రమే 2021 అక్టోబరులో సుమారు 1 కోటి 85 లక్షల పౌండ్లు పలికింది.

అదే సంవత్సరం ఎన్.ఎఫ్.టి.ల మోజు ప్రపంచాన్ని ఆవరించింది. ఎన్.ఎఫ్.టి. అనగా ఒక డిజిటల్ వస్తువు ఎవరిదో బ్లాక్‌చెయిన్ అనే బహిరంగ చిట్టాలో నమోదు చేసే గుర్తు. 2021 మార్చిలో ఒక సాంకేతిక సంస్థ బ్యాంక్సీ 'మోరాన్స్' చిత్రపు ముద్రిత ప్రతిని 95 వేల డాలర్లకు కొని, కెమెరా ముందు దహనం చేసి, దాని డిజిటల్ రూపాన్ని సుమారు 3 లక్షల 80 వేల డాలర్లకు విక్రయించింది. వేలంపాటల పిచ్చిని వెక్కిరించే చిత్రానికే ఆ గతి పట్టింది. ఇందులో చిత్రకారుని ప్రమేయమే లేదు. సొమ్మొకడిది, సోకొకడిది అన్న సామెతకు ఇంతకంటె నిదర్శనమేమి కావాలి?

అజ్ఞాతం కళాకారునికి కవచం. మోసగానికి అదే ముసుగు. 2021 ఆగస్టులో బ్యాంక్సీ వెబ్‌సైటులో కనిపించిన లింకును నమ్మి, ఒక అభిమాని సుమారు 2 లక్షల 44 వేల పౌండ్లతో నకిలీ ఎన్.ఎఫ్.టి.ని కొన్నాడు. సొమ్ములో అధికభాగం తిరిగి రావడం అతని అదృష్టం. వస్తువు ఎవరి వద్ద ఉన్నదో బ్లాక్‌చెయిన్ చెప్పగలదు; దానిని నిజంగా ఎవరు గీశారో చెప్పలేదు.

అయితే రెండవ పక్షం వాదన కూడ తోసిపుచ్చదగినది కాదు. గోడ మీది బొమ్మ ఎండకు వెలిసి, వానకు కరిగి, ఒకనాడు సున్నపు పూత కింద మరుగున పడుతుంది. డిజిటల్ రూపం ఆ జ్ఞాపకాన్ని నిలుపగలదు. పేరు చెప్పుకోని కళాకారునికి సైతం ప్రతి మారు విక్రయంలో వాటా దక్కే వీలున్నది. కాని ఆ వాటా చెల్లించేది విపణి దయను బట్టే. 2023 నాటికి కొన్ని ప్రధాన విపణులు దానిని కొనుగోలుదారుల ఇష్టానికే వదిలివేశాయి.

కనుక దోషం సాంకేతికతది కాదు, దానిని వినియోగించే మనిషి ఆశది. కళాకారుని అనుమతి, అతనికి న్యాయమైన ప్రతిఫలం, మూలచిత్రానికి రక్షణ అనే మూడూ ఉన్నప్పుడే డిజిటల్ సేకరణ కళకు తోడు కాగలదు. అవి లేనినాడు అది వట్టి వ్యాపారమే. బొమ్మ హక్కుపత్రం ఎవరి పేటికలో ఉన్నా, పని ముగించుకొని ఇంటికి పోతూ గోడ ముందు ఒక్క క్షణం నిలిచి నవ్వుకునే బాటసారే దానికి నిజమైన వారసుడు.