తాగుబోతుల పండగట!

ఫిబ్రవరి వస్తే చాలు, ఇక్కడ కొలోన్‌లో మన తెలుగువాళ్ళకి భయం పట్టుకుంటుంది. "కార్నివాల్ వారమండీ, పిల్లల్ని బయటికి తీసుకెళ్ళకండి, అంతా తాగుబోతుల పండగ" అని ఒకరికొకరు జాగ్రత్తలు. ఒకావిడైతే "మగాళ్ళు ఆడవేషాలేసుకుని తిరగడమేమిటి? మన సంస్కృతి ఎక్కడ, వీళ్ళదెక్కడ!" అన్నారు. ఆవిడది తిరుపతి.

అమ్మా, మీ ఊరి గంగమ్మ జాతర మర్చిపోయారా? మగవాళ్ళు చీర కట్టి, జడ వేసుకుని, పూలు పెట్టుకుని మొక్కు తీర్చుకోరూ? బైరాగి వేషం, తోటి వేషం, దొర వేషం అని రోజుకో వేషం. తిట్లు కూడా ఆ జాతరలో భాగమే. ఇక్కడ కార్నివాల్‌కి రాజకుమారుడు, రైతు, కన్య అని ముగ్గురు పెద్దలు. కన్య వేషం మగవాడిదే. నాజీలకి అది నచ్చక 1938, 1939లో ఆడవాళ్ళ చేత వేయించారు. మనమూ వాళ్ళ పక్కనే నిలబడదామా?

తాగుడు లేదని నేననను. నవంబరు 11న 11 గంటల 11 నిమిషాలకి సీజన్ మొదలయ్యే రోజూ, ఆడవాళ్ళు మగాళ్ళ టైలు కత్తిరించే గురువారమూ త్సుల్పిషర్ వీధి వైపు నేనూ పోను. గాజుపెంకులు, కంపు. అయితే ఒక్క వీధిని చూసి ఊరంతటినీ కొలుస్తామా? సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గర ఏం పారుతుందో మనకి తెలీదు పాపం!

ఆదివారం బళ్ళవాళ్ళూ, పేటలవాళ్ళూ చేసే ఊరేగింపుకి రండి. "కమెల్లె!" అని అరిస్తే మిఠాయిలు విసురుతారు. మావాడు గొడుగు తిరగేసి పట్టుకుంటాడు. భోగిపళ్ళలో చిల్లర కోసం మనం ఎగబడలేదా ఏమిటి? మూడేళ్ళుగా గుడ్ మార్నింగ్ తప్ప ఇంకోమాట ఆడని పక్కింటి పెద్దావిడ, ఎర్రముక్కు తగిలించుకుని వచ్చి నాకు పూలగుత్తి ఇచ్చింది.

పైగా వీళ్ళే, దీపావళికి బడిలో సెలవివ్వరని వాపోతారు. మన దీపావళికి టీచరమ్మ వచ్చి దీపం పెట్టాలి, వాళ్ళ పండక్కి మనం తలుపులు బిడాయించుకోవాలి. ఇదెక్కడి న్యాయమండీ?

మంగళవారం రాత్రి నుబెల్ అనే గడ్డిబొమ్మ మీద అందరి తప్పులూ తోసేసి కాల్చేస్తారు. తెల్లారితే బూడిద బుధవారం, ఈస్టర్ దాకా ఉపవాసాలు. నిష్ఠకి ముందు వచ్చే అల్లరి ఇది. అది చెప్పకుండా, అల్లరి ఒక్కటే చూపించి పిల్లల్ని బెదిరిస్తున్నాం.

పోయినేడాది ఆ గురువారం మావాడి కిండర్‌గార్టెన్‌లో మనవాళ్ళ పాప ఒక్కతే రాలేదు. జ్వరమని చెప్పించారు. సాయంత్రం వాళ్ళింటి మీదుగా వస్తుంటే కిటికీలో నిలబడి మావాడి పులి తోకనే చూస్తోంది. ఒంట్లో ఏమీ లేదు.

మా అమ్మాయివి సీతాకోకచిలుక రెక్కలు అటక మీద ఉన్నాయి. ఆ పాపకి సరిపోతాయి. వాళ్ళమ్మ ఊఁ అనడమే తరువాయి.