ఎర్రరంగుకు ముందు పటం చూపండి

2024 సెప్టెంబరులో హైదరాబాద్‌లో మలక్‌పేట వైపు మూసీ ఒడ్డు బస్తీల్లో ఇళ్ల గోడలపై ‘ఆర్‌బీ-ఎక్స్’ అని సర్వే సిబ్బంది ఎర్రరంగుతో రాసిపోయారు. నదీగర్భంలో ఉంది, కూల్చాల్సిందే అని దానర్థం. చాలాచోట్ల జనం సర్వే బృందాలను అడ్డుకున్నారు. పట్టాలు, కరెంటు బిల్లులు, ఇంటిపన్ను రసీదులు తెచ్చి చూపించారు. దాన్ని ఆక్రమణదారుల మొండితనం అన్నవాళ్లున్నారు. నిజానికి వాళ్లు అడగదగిందే అడిగారు: నది ఎక్కడిదాకా ఉందో తేల్చింది ఎవరు, ఏ లెక్కన? వాళ్ల హక్కులన్నీ ఆ హద్దు గీత మీదే నిలబడి ఉన్నాయి. 2024 నవంబరు 13న బుల్డోజర్ కూల్చివేతలపై తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు 15 రోజుల ముందస్తు నోటీసు తప్పనిసరి చేసింది. రోడ్లు, నదులు, చెరువుల్లోని అనధికార కట్టడాలకు మాత్రం ఆ రక్షణ వర్తించదంది. 2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనా, బహిరంగ విచారణ కోరుతుంది. ‘నదీగర్భం’ అనే ముద్ర పడితే ఆ మెట్లన్నీ ఎక్కకుండానే జేసీబీ వాకిట్లోకి వస్తుంది.

మరి వరద మాటేమిటి? ఇది కొట్టిపారేయలేని ప్రశ్న. 1908 సెప్టెంబరు 28 నాటి వరద వేలమందిని పొట్టన పెట్టుకుంది. 2025 సెప్టెంబరులో ఎగువనున్న ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల గేట్లెత్తగానే ఒడ్డునున్న మూసానగర్, శంకర్‌నగర్ బస్తీలు మళ్లీ మునిగాయి. అక్కడ ప్రమాదం లేదని ఎవరూ అనలేరు. అయితే అదే వరదలో మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ (ఎంజీబీఎస్)లోకీ నీరొచ్చింది. నది నడుమ కట్టిన బస్‌స్టేషన్ అది! దాన్ని కూల్చాలని ఏ అధికారీ అనలేదు, అనాల్సిన పనీ లేదు. సర్కారు కట్టడానికి ఉపాయం వెతికే బుర్ర కూలీ ఇంటి దగ్గరికి రాగానే ఎందుకు ఆగిపోతోంది? ఒకప్పుడు ఆ ఉపాయం వెతికారు కూడా: 1908 వరద తర్వాత ఇంజినీరు విశ్వేశ్వరయ్య నది ఎగువన జలాశయాలు కట్టాలని సూచించారు. 1920 నాటికి ఉస్మాన్‌సాగర్, 1927 నాటికి హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు మురికివాడలను తొలగించిన మాట నిజమే కానీ, పేదలకు కొత్త ఇళ్లూ కట్టింది.

ఇప్పుడూ డబుల్ బెడ్రూం ఇళ్లిస్తున్నాం కదా అంటారు అధికారులు. మలక్‌పేట గంజ్‌లో తెల్లవారకముందే మూటలెత్తే హమాలీకి నగరం అంచున ఇల్లిస్తే కూలి డబ్బులు బస్సు ఛార్జీలకే సరిపోతాయి. శంకర్‌నగర్ కుటుంబాల్లో కొన్నింటికి మలక్‌పేటలోనే, పిల్లిగుడిసెల దగ్గర ఇళ్లిచ్చారు. అంటే దగ్గర్లో ఇవ్వడం కుదురుతుందని ప్రభుత్వమే చూపించింది.

కాబట్టి ముందు వరద హద్దుల పటాన్ని తెలుగులో, ఉర్దూలో అచ్చువేసి బస్తీ సభల్లో పెట్టండి. అభ్యంతరాలు విని, సమీపంలో ఇల్లు చూపించాకే ఎవరినైనా కదలమనండి. అప్పటిదాకా మూసీ ఒడ్డున ఇంకో గోడ కూలకూడదు.