గృహోపకరణములు: స్పెయిను దేశపు మేజాదీపము

సూర్యాపేట జిల్లా చిలుకూరునుండి మా సోదరీమణి యొకరు ఇట్లు వ్రాసినారు. వారి మరిది విదేశమునుండి వచ్చుచు, పాతసామానుల యంగడిలో కొన్న మేజాదీపము నొకదానిని తెచ్చియిచ్చినాడట. దాని యడుగున ఫాసే, మాడ్రిడ్ అని యున్నదట. విలువగల వస్తువు, అద్దాల బీరువాలో నుంచుడని మరిది చెప్పుచున్నాడు. పదవ తరగతి చదువుచున్న కుమార్తె తన బల్లపై పెట్టుమని పట్టుబట్టినది. ఏమి చేయవలెనని వారి ప్రశ్న.

దీపము పేరుపొందినదే. మాడ్రిడ్డు నగరపు ఫాసే సంస్థవారు 1960, 70 దశాబ్దములలో ఇట్టివి చేసిరి. బరువైన పీఠము, లోహపు కాడ, ఎటు కావలెనన్న నటు త్రిప్పుకొనదగిన గొడుగు. వీనిని నేడు సేకరణకర్తలు వెదకి కొనుచున్నారు. అయినను చదువుకొనుటకై చేసిన దీపమును బీరువాలో బంధించుట మాకు సమ్మతము గాదు. ఆ చిలుకూరులోనే 1941లో రావి నారాయణరెడ్డిగారి యధ్యక్షతన ఆంధ్రమహాసభ జరిగినది. ఆనాడు పల్లెలలో ఆడుపిల్ల పుస్తకము పట్టుటయే అరుదు. పట్టినను కిరసనాయిలు బుడ్డి వెలుతురే గతి. కావున మా తీర్పు కుమార్తె పక్షమే.

అయితే తెచ్చినది తెచ్చినట్లు వెలిగింపరాదు. ఆనాటి స్పెయినులో పెక్కిండ్లకు 125 వోల్టుల విద్యుత్తు వచ్చెడిది. మనకు వచ్చునది 230. పాత బల్బుపై 125 అని యున్నచో మన యింట తక్షణమే మాడిపోవును. అంతకంటె భయము తీగది. ఏండ్లు గడచిన తీగపై తొడుగు పెళుసై పగులును. అట్టి పాత దీపములకు పెక్కింటికి రెండు తీగలే గాని ఎర్తుతీగ యుండదు. లోపల తీగ లోహమునకు తగిలినచో దీపమంతయు కరెంటే. పిల్ల తడిచేతితో ముట్టినచో ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు.

తెలిసిన ఎలక్ట్రీషియనును పిలిచి మూడుతీగల క్రొత్త వైరు, మూడుపిన్నుల ప్లగ్గు వేయింపుడు. మూడవ తీగను లోహపు పీఠమునకు బిగింపవలెను. ఇంటి ఎర్తు పనిచేయుచున్నదో లేదో ముందే చూపింపుడు. మన యిండ్లలో పిన్నుల బల్బులు వాడుక. దీనికి మరచుట్టు బల్బు కావలెను, అదియు బజారులో దొరకును. ఫేజు తీగ హోల్డరు నడిబొడ్డునకే రావలెను. మరచుట్టునకు వచ్చినచో బల్బు మార్చునప్పుడు వ్రేలికి తగులును. వేడి తక్కువగు ఎల్.ఇ.డి. బల్బు మేలు.

విప్పిన పాత తీగను, ప్లగ్గును పారవేయక మూటగట్టి దాచుడు. అసలు భాగములకు విలువ కలదు, మరిదియు సంతసించును. ఇత్తడి కుందివలె చింతపండుతో తోమవలదు సుమా! రంగు లేచిపోవును. పొడిగుడ్డతో తుడిచిన చాలును.

అమ్మాయి కుడిచేత వ్రాయునదైనచో దీపమును ఎడమప్రక్క నుంచుడు. చేతినీడ వ్రాతపై పడదు. గదిలోని పెద్దదీపమును గూడ ఆర్పవలదు.