పేరొకచోట, మార్కులొకచోటా?

హాజరుపట్టీ, మార్కుల జాబితా, గ్రంథాలయపు రిజిస్టరు, ఇవన్నీ మనకు చిరపరిచితాలు. వీటిలో ప్రతి అడ్డువరుసా ఒక మనిషిది. సీ భాష అభ్యసించే విద్యార్థి ఈ చిన్న సత్యాన్ని మొట్టమొదటనే గ్రహించాలని మా అభిప్రాయం.

పాఠాల్లో ముందుగా వచ్చేది అర్రే. కనుక నంబర్లకొక అర్రే, పేర్లకొక అర్రే, మార్కులకొక అర్రే ఏర్పరచి, ఒకే సూచికతో మూడింటినీ నడపడం చాలామందికి తొలి అలవాటు. ప్రోగ్రాం నడుస్తుంది కూడా. కాని మార్కుల క్రమంలో జాబితాను అమర్చేటప్పుడు మూడు అర్రేలనూ కలిపి మార్చాలి. ఒక్కదానిని మరచినా కంపైలర్ హెచ్చరించదు. ఒకరి మార్కులు మరొకరి పేరు ప్రక్కన నిశ్శబ్దంగా చేరుతాయి. యంత్రానికది దోషం కాదు. ఆ విద్యార్థికి మాత్రం అన్యాయమే.

స్ట్రక్చర్ ఒక మనిషి వివరాలన్నిటినీ ఒకే మూటగా కడుతుంది. అట్టి మూటల అర్రేయే పట్టిక. స్థానాలు మార్చినప్పుడు మూట మొత్తం కదులుతుంది. పేరు తన మార్కులను విడిచిపోదు. దీని విలువ ఆ భాష పుట్టినచోటనే తేటపడింది. బెల్ ప్రయోగశాలల్లో కెన్ థాంప్సన్ 1972లో, స్ట్రక్చర్లు ఇంకా లేని సీ భాషలో యూనిక్స్‌ను వ్రాయబూని విరమించుకొన్నారు. అవి చేరిన తరువాత, 1973 వేసవిలో, ఆ కార్యం నెరవేరింది.

లక్షల వరుసల్లో ఒక్క నిలువువరుసనే చదవవలసి వస్తే విడి అర్రేలే వేగవంతమని కొందరంటారు. అది నిజమే. అయితే కళాశాల పట్టికకు కావలసింది వేగం కాదు, విశ్వసనీయత.

మన కళాశాలకు ప్రత్యేకమైన మరొక విషయం ఉంది. ‘మహబూబ్’ అన్న పేరుకు ఇంగ్లీషు లిపిలో 7 బైట్లు చాలు. నేడు వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో ఉర్దూ లిపికి 10, తెలుగు లిపికి 18 బైట్లు పడతాయి. పేరుకు 16 బైట్లే కేటాయిస్తే, ముగింపు సున్నాకు ఒకటి పోగా 15 మిగులుతాయి. పరిమితి చూసి నకలు చేస్తే చివరి పొల్లు తెగిపోతుంది. చూడకుండా చేస్తే పేరు పొంగి ప్రక్కనున్న మార్కుల గడిలోకి చొరబడవచ్చు. ఇంగ్లీషు పేర్లతో మాత్రమే పరీక్షించినవానికి ఈ లోపం కానరాదు.

కావున విద్యార్థి మిత్రులకు మా మనవి: మీ తొలి పట్టికను స్ట్రక్చర్ల అర్రేతోనే నిర్మించండి. పేరుకు చాలినంత చోటివ్వండి. కమిటీ పెద్దలకు మా విన్నపం: కళాశాల రికార్డులకై ఏ ప్రోగ్రామునైనా స్వీకరించే ముందు మూడు లిపుల్లోనూ పేర్లు వ్రాయించి పరీక్షింపజేయండి. తన పేరు తన లిపిలో చెక్కుచెదరక ఉండాలని కోరడం ఏ విద్యార్థికైనా అత్యాశ కాదు.