కామాటిపురము: మన పేరు, మన బాధ్యత

ఇటీవల న్యాయస్థానపు పనిమీద ముంబయి వెళ్ళిన మేము, ఒకనాటి రాత్రి పదిగంటలు దాటిన పిమ్మట గ్రాంటు రోడ్డు స్టేషనునుండి బసకు పోవుచు కామాటిపురపు సందులగుండ నడువవలసివచ్చినది. వీథిదీపముల క్రిందను, గుమ్మములయొద్దను స్త్రీలు నిలిచియుండిరి. బేరమాడువారు బేరమాడుచుండిరి, చూచి నవ్వువారు నవ్వుచుండిరి. మా తెలుగు సంభాషణ చెవినిబడగానే ఒకతె తన ప్రక్కనున్నదానితో "మన దిక్కోళ్ళ లెక్కున్నరక్కా, లోపటికి నడువు" అని మొగము త్రిప్పుకొని తప్పుకొనెను. ఆ పలుకు మన కామారెడ్డి ప్రాంతపు పలుకు. ఆమె సిగ్గుపడినది. నిజమునకు సిగ్గుపడవలసినవారము మేము.

ఆ పేట పేరు సైతము మనదే. పదునెనిమిదవ శతాబ్దాంతమునుండి తెలంగాణమునుండి వలసపోయి ఆ మహానగరమునకు బాటలు వేసి, మేడలు కట్టిన కూలీలను కామాటీలనిరి. వారు కాపురముండుటచే అది కామాటిపురమైనది. ఆంగ్లేయుల యేలుబడిలో పడుపుగృహములు అచ్చటికే చేరినవి. ఐరోపానుండి వచ్చిన స్త్రీలుండిన సందునకు 'సఫేద్ గల్లీ' యని పేరు పడినది. చెమటోడ్చినవారి పేరు ఈ విధముగా అపకీర్తి పాలయ్యెను. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి యని మనవారు చెప్పుకొను బ్రదుకుదెరువుల దారిలో బొంబాయి నడుమనున్నది గదా! కామారెడ్డిలో రైలెక్కినవారు మఱునాడు అచ్చట దిగుదురు. ఎక్కించిన వాడెవ్వడో, దిగినచోట ఎదురుచూచువాడెవ్వడో మనము విచారింపము.

నేడా గృహములు చాలవఱకు తగ్గినవి. పేటను పడగొట్టి క్రొత్తగా కట్టింప మహారాష్ట్ర ప్రభుత్వము యోచించుచున్నది. కాని గోడలు కూలినంతమాత్రమున వ్యాపారము కూలదు. హైదరాబాదు పాతబస్తీలోని మెహబూబ్ కీ మెహిందీని 1996లో ఖాళీ చేయించినప్పుడు అందలి స్త్రీలు నిలువనీడలేక చెదరిపోయిరి. వారి బిడ్డల చదువుకొఱకు ఆ యేటనే 'ప్రజ్వల' సంస్థ పుట్టవలసివచ్చినది.

ఇక శాసనమును చూతము. 1956లో పుట్టి 1986లో సవరింపబడిన చట్టము ప్రకారము, వీథిలో నిలిచి పిలిచిన స్త్రీకి తొలి నేరమునకు ఆఱు మాసములవఱకు ఖైదుగాని, 500 రూపాయలవఱకు జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును. ఆమెను ఈ వృత్తిలోనికి దింపినవానికి మూడేండ్లకు తక్కువగాని ఖైదు కలదు. కాగితముమీద దళారి శిక్షయే పెద్దది. అయినను దీపము క్రింద నిలిచినది సులభముగా చిక్కును. ఊరిలో అడ్వాన్సు చేతిలోబెట్టి రైలెక్కించినవాడు చిక్కడు. వానిని చూచినవారు ఊరివారే. ఊరు నోరు విప్పదు.

1999లో కలకత్తాలో ఒక అభాగ్యురాలిని కొట్టి చంపిన కేసునుండి పుట్టిన వ్యవహారములో, 2022 మే 19న సుప్రీముకోర్టు ఈ స్త్రీలును రాజ్యాంగము చెప్పిన గౌరవమునకు అర్హులేయనియు, గృహములపై దాడిచేసినప్పుడు వారిని బాధింపరాదనియు ఉత్తరువు చేసినది. చిరునామా రుజువు లేకున్నను వారికి ఆధారు కార్డు లభించు మార్గము చూపినది. రాజ్యము అడుగుట మానుకొనుచున్న ప్రశ్నలను ఊరు ఇంకను అడుగుచునే యున్నది.

1921లో గాంధీమహాత్ముడు మన కాకినాడలో ఇట్టి సోదరీమణులను కలిసికొని, ఈ పాపము పురుషులదని నిస్సంకోచముగా వ్రాసెను. పూర్వపు నిజామాబాదు జిల్లాలో జోగినీ ఆచారమునకు బలియైన స్త్రీలమధ్య హేమలతా లవణము గారు ఏండ్లతరబడి పనిచేసిరి. ఆ యాచారమును నిషేధించు శాసనము 1988లో వచ్చినది. ఈ మార్పులు బోధలవలన మాత్రమే రాలేదు. చదువు, పని, నిలువనీడ చూపినప్పుడే వచ్చినవి.

కావున బీబీపేటవంటి గ్రామముల పెద్దలకు మా మనవి యిది. పనియిప్పింతునని క్రొత్తవాడు వచ్చి ముందుగా సొమ్మిచ్చినప్పుడు వాని పేరు, ఊరు, యజమాని చిరునామా పంచాయతీలో వ్రాయించుడు. పోయిన ఆడబిడ్డ క్షేమము పదిదినముల కొకసారి విచారింపుడు. అనుమానము కలిగినచో 181కిని, పసిబిడ్డ విషయమైనచో 1098కిని ఫోను చేయుడు. తిరిగివచ్చినదానికి రేషను కార్డు, కూలిపని, మహిళా సంఘములో చోటు ఇయ్యుడు. ఆమె బిడ్డను బడిలో చేర్చుకొనునప్పుడు తండ్రి పేరు చెప్పుమని నిర్బంధింపకుడు.

ఆ రాత్రి ఆమె మమ్ము చూచి లోపలికి పోయినది. రేపామె యూరికి వచ్చినప్పుడు ఊరామెను చూచి తలుపు వేసికొనకుండుగాక!